పెద్దమ్మ కొంగున ముడి

పెద్దమ్మ పోయిందని మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చెప్పినప్పుడు, ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని ఎవరైనా అడిగేవి నేను అడగలేదు. "కొంగుకి ముడి ఏమైనా ఉందా?" అన్నాను. అతను ఆమెకు తమ్ముడి కొడుకు. మా దగ్గర పనిలో చేరిన రోజే, "మా మేనత్త మీ పాత ఆఫీసుల మాలి పని చేసింది మేడం" అని పరిచయం చేసుకున్నవాడు. నా ప్రశ్న విని వింతగా చూశాడు గానీ జవాబు చెప్పాడు. ఆ జవాబు చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీకది ఉత్త ముడిలాగే కనిపిస్తుంది.

ఆఫీసులో అందరం ఆమెను పెద్దమ్మ అనేవాళ్లం. అసలు పేరు నాకు తెలుసు. రాయను. రాయాల్సిన చోట ఒకసారి రాయలేదు, ఇప్పుడు రాసి ఏం లాభం.

తొంభైల చివర మాట ఇది. మాదాపూర్‌లో అప్పటికి బిల్డింగులకంటే బండలే ఎక్కువ. మధ్యాహ్నం బండలు పేలిస్తే కంప్యూటర్ల మీద దుమ్ము రాలేది. నేను గుడివాడ వైపు నుంచి డిగ్రీ కాగితం, టైపు పరీక్ష కాగితం పట్టుకుని వచ్చి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ అసిస్టెంటుగా చేరాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మూసాపేటలో మేడ మీద గది. నా పైన మేనేజరు. మా వైపువాడే. నా టైపు కాగితంలో ఒక్క తప్పు దొరికితే చాలు, నలుగురిలో పైకెత్తి చూపించి, "పల్లెటూరి కాలేజీ చదువండీ ఇది" అనేవాడు. అతని మీద నాకున్న కసిని ఇక్కడ దాచబోవడం లేదు. అతన్ని తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి.

పెద్దమ్మది ఖాజాగూడ. బక్కపలచటి మనిషి, పొడగరి, చీర కుచ్చెళ్లు పైకి దోపి, నడుముకి కలుపు తీసే ఖుర్పీ చెక్కుకుని ఉండేది. మొక్కకు నీళ్లు పోసే ముందు చూపుడువేలు మన్నులోకి రెండో కణుపు దాకా దింపేది. తీసి వాసన చూసేది. ఆ వేలు ఎన్నడూ చీరకు తుడుచుకోగా నేను చూడలేదు. ఆ మన్నుతోనే గాజు గ్లాసు పట్టుకుని టీ తాగేది. ఎవరైనా మాట్లాడిస్తే వాళ్ల ముఖం చూసేది కాదు, మొక్కనే చూస్తూ జవాబు చెప్పేది.

అదీ అడిగితేనే. అడగనిదే ఏదీ చెప్పదు. ఒకసారి నేనే అన్నాను, "పెద్దమ్మా, ఆ గులాబీకి పురుగు పట్టిందని ముందే చెప్పొచ్చుగా?"

"అడిగినవా?"

"అడక్కపోతే చెప్పకూడదా?"

"చెప్పిన ఒకపారి. బిల్డింగు కట్టేటప్పుడు, నీళ్లు గిట్ల పోవు సారూ, గట్ల పోతయి, మోరీ ఆ దిక్కు పెట్టుండ్రి అని. నవ్విండ్రు. వానలు వడ్డంక మెట్ల మీదికి నీళ్లొచ్చినయ్. అడగకుంట చెప్పిన మాటకు ఇలువ లేదు బిడ్డా."

ఇక ముడుల సంగతి. మరిచిపోకుండా కొంగున ముడి వేసుకోవడం మా అమ్మా చేసేది, ఉప్పు తేవాలనో, ఎవరికో కబురు చెప్పాలనో. పెద్దమ్మ ముడులు వేరు. తనకు ఎవరైనా చెరుపు చేస్తే ఒక ముడి. ఆ చెరుపు తీరేదాకా ముడి ఉంటుంది. పొద్దున చీర మార్చుకున్నప్పుడు పాత చీర ముడి విప్పి, కొత్త చీర కొంగున మళ్లీ వేసుకునేది. ఈ సంగతి కూడా నేను అడిగితేనే చెప్పింది. "రోజూ వేసుకుంటావా? అంత కోపం ఎలా నిలుస్తుంది?" అంటే, "రోజు ఏసుకుంటె నిలుస్తది" అంది.

మంచినీళ్ల ట్యాంకరు డ్రైవరు ఒకడు ఆమె బంతి మళ్ల మీద నుంచి బండి తోలాడు. తిట్టలేదు, అరవలేదు. ముడి వేసుకుంది. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అదే డ్రైవరు బండి వెనక్కి తీస్తూ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎన్కకు పోవచ్చా పెద్దమ్మా?" అని అడిగాడు. "పోవచ్చు" అంది, చామంతుల్లో కలుపు తీస్తూ. పోయాడు. వెనక చక్రాలు మెత్తగా పూడ్చిన గుంతలోకి దిగాయి. సాయంత్రం దాకా క్రేను కోసం కూర్చున్నాడు. గుంత ఉందని చెప్పలేదేమని వాడు గంతులేస్తుంటే, "ఎన్కకు పోవచ్చా అన్నవ్. పోయినవ్ గద. గుంత ఉన్నదా అని అడిగినవా?" అని కొంగు పళ్లతో పట్టి ముడి విప్పుకుంది. నేను నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తాను. అప్పుడది నాకు ముచ్చటగా ఉండేది. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత అనుకునేదాన్ని.

బిల్డింగు వెనక, పేల్చకుండా వదిలేసిన ఒక పెద్ద రాతిగుండుకీ ప్రహరీకీ మధ్య కానుగ చెట్టొకటి ఉండేది. దాని కింద సగం నీడ, సగం ఎండ. అక్కడ ఇరవై కుండీలు పెట్టింది పెద్దమ్మ. చలికాలం నుంచీ వాటిలో మన్ను తప్ప ఏమీ కనిపించదు. ప్యూన్లు టీ కప్పులు పారేస్తారని పైన తుమ్మకంపలు కప్పేది. ఖాళీ కుండీలకు కాపలా ఏమిటని అందరం నవ్వాం. ఎండాకాలంలో మొదటి గాలివాన పడ్డ నాలుగో రోజున, ఆ వట్టి మన్నులోంచి, ఆకు లేకుండా, కాడ కూడా లేకుండా పూలు లేచాయి. తెల్లటి సన్న రేకులు, కింద ఊదారంగు పెదవి చీలి వేలాడుతోంది. పెద్ద హోటళ్లలో గాజు కూజాల్లో పెట్టే ఆర్కిడ్ పూలు నేలకు అంటుకుని పూసినట్టున్నాయి. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి వాలిపోతుంది, మర్నాడు ఇంకోటి లేస్తుంది. పూలన్నీ అయ్యాక వానల్లో ఆకులొస్తాయి. కార్తీకానికి ఆకులూ ఎండిపోతాయి. ఇక కింద దుంప ఒక్కటే. పుస్తకాల్లో దాన్ని భూచంపకం అంటారని తరువాత తెలిసింది. పెద్దమ్మ నేలపువ్వు అనేది.

"ఎక్కడివి పెద్దమ్మా ఇవి?"

"మా అవ్వ గుట్ట మీద బండ సందుల నుంచి తెచ్చింది. ఆ గుట్ట కంకర క్రషర్ల పడ్డది. ఇగ మా ఇంటెన్క బండ కింద జరంత ఉన్నయ్, ఈడ ఈ కుండీలల్ల ఉన్నయ్. గంతే."

ఆ వారమే ఇంగ్లండు నుంచి, మా కంపెనీకి పని ఇచ్చే పెద్ద కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి. భోజనాల తరువాత వెనకవైపు నడుస్తూ ఆ పూలు చూసి అక్కడే మోకాళ్ల మీద కూలబడింది. మంచి బట్టలతో, ఆ మన్నులో. తన ఇంటి తోటలో సగం నీడలో ఇలాంటివే ఇరవై ఏళ్లుగా పెంచుతోందట. హిమాలయాల నుంచి ఎప్పుడో వాళ్ల దేశం వెళ్లిన దుంపలట, మంచు కురిసినా చావవట, పూలు అచ్చం ఇలాగే ఉంటాయట. మాట్లాడుతూ మాట్లాడుతూ చూపుడువేలు కుండీలోకి రెండో కణుపు దాకా దింపి, తీసి వాసన చూసింది. కాస్త దూరంలో నిలబడి ఉన్న పెద్దమ్మ అది చూసి నవ్వింది. ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు.

ఆవిడ తలెత్తి పెద్దమ్మ మన్ను వేళ్లు చూసి, "పెంచినవి ఈ చేతులేనా?" అంది ఇంగ్లీషులో.

మా మేనేజరు అడ్డం వచ్చాడు. దుంపలు తను ఎక్కడెక్కడో తిరిగి సేకరించాడట. ఆదివారాల్లో ఇదే తన వ్యాపకమట. ఈమె కేవలం నీళ్లు పోస్తుందట. ఆవిడ సంతోషపడి, అయితే పెంచినాయనతో ఒక ఫోటో దిగాలంది. వచ్చే ఏడు ఇదే సమయానికి మళ్లీ వస్తానని, తప్పకుండా చూపించాలని కూడా అంది.

పెద్దమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "ఏమంటున్నది బిడ్డా? నన్ను చూసి ఏమో అన్నది."

అన్నీ అడిగితేనే చెప్పే మనిషి నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది. మేనేజరు నా వైపు చూశాడు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయం కావాలి, సంతకం అతనిది.

"ఏం లేదు పెద్దమ్మా. పూలు బాగున్నాయంటున్నారు" అన్నాను. ఊరుకున్నా బాగుండేది. కెమెరా ఎత్తుతున్నారని చూసి, మర్యాదగా, చెయ్యి కూడా చూపించి, "కొంచెం పక్కకి జరగండి పెద్దమ్మా, ఫోటోలో పడుతున్నారు" అన్నాను.

ఆమె జరిగింది. కానుగ చెట్టు వెనక్కి పోయి నిలబడి కొంగున ముడి వేసుకుంది. తరువాత ఇంకో ముడి వేసుకుంది. ఒకటి మేనేజరుకి అనుకున్నాను. రెండోది ఆ తెల్లావిడకో, ఫోటో తీసినవాడికో అయి ఉంటుందిలే అనుకున్నాను. మనిషికి తన గురించి తనకెంత మంచి అభిప్రాయమో చూడండి.

ఆ ఫోటో పెద్దది చేయించి రిసెప్షన్ గోడకు తగిలించారు. కింద చీటీ నేనే టైపు చేశాను, మేనేజరు పేరుతో. అందులో ఒక్క తప్పు కూడా లేదు.

కార్తీకంలో తోట పని ఒక ఏజెన్సీకి ఇచ్చేశారు. పెద్దమ్మను రేపటినుంచి రావద్దన్నారు. ఆమె వెళ్లేముందు మేనేజరు వెనక్కి వచ్చి, తేలికగా, "ఆ కుండీలు కంపెనీవి, ఉంచేసి వెళ్లు" అన్నాడు. ఆకులన్నీ ఎండి వాలి ఉన్నాయి. పెద్దమ్మ కుండీల దగ్గర వంగింది. దుంపలు తవ్వుకుని పోతుందేమోనని చూశాను. ఖుర్పీ నడుముకే ఉంది. దాని మీద చెయ్యి కూడా వేసింది.

"తీస్కోండ్రి సార్" అంది.

"ఇవి అవే కదా? వేరేవి పెట్టలేదు కదా?"

"అవే సార్."

అతను ఇంకేమీ అడగలేదు. ఏజెన్సీవాణ్ని పిలిచి, కుండీలన్నీ ముందు వరండాలోకి చేర్పించి, రోజూ రెండు పూటలా నీళ్లు, పదిహేను రోజులకోసారి ఎరువు అని గట్టిగా చెప్పాడు. పెద్దమ్మ వింటూ నిలబడింది.

వెళ్తూ వెళ్తూ ఒక చిన్న కుండీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇది నీకు" అంది.

"నాకా పెద్దమ్మా?" నిజంగా కళ్లు చెమర్చాయి. "ఎప్పుడు పూస్తుంది?"

"బతికుంటె, ఎండకాలం మొదటి వానకు."

నేనూ ఇంకేమీ అడగలేదు. ఆ కుండీని ఒళ్లో పెట్టుకుని ఏడు సీట్ల ఆటోలో మూసాపేట తీసుకుపోయాను. కిటికీ దగ్గర పెట్టి, పొద్దున నా స్నానం కంటే ముందు దానికి నీళ్లు పోసేదాన్ని. ఊరెళ్తే పక్కింటావిడకు మరీ మరీ చెప్పి వెళ్లేదాన్ని. ఇంత ప్రేమగా నేను మనుషులను కూడా చూసుకోలేదు.

మళ్లీ ఎండాకాలం, మొదటి వాన. అన్నమాట ప్రకారం ఆవిడ వచ్చింది. ఈసారి లోపలికి కూడా పోకుండా వరండాలో కుండీల దగ్గరే ఆగింది. ఇరవై కుండీలూ శుభ్రంగా, నల్లటి తడి మన్నుతో, ఖాళీగా ఉన్నాయి. "ఈ ఏడు కొంచెం ఆలస్యమండీ" అని మేనేజరు ఇంగ్లీషులో నవ్వాడు. వెనక మా పెద్ద డైరెక్టరు, ఇంకో పదిమంది ఉన్నారు.

ఆవిడ వంగి వేలు మన్నులోకి దింపింది. తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చటుక్కున ముఖం తిప్పుకుంది. ఆ కుళ్లు వాసన వెనక నిలబడ్డ నాకే తగిలింది.

"చలికాలంలో నీళ్లు పోశారా?"

"రోజూ రెండు పూటలా. ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాడు మేనేజరు గర్వంగా.

ఆవిడ జేబురుమాలుతో వేలు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. ఈ దుంపలు నిద్రపోతాయి. ఆకు ఎండగానే నీళ్లు ఆపేయాలి. మళ్లీ వాన దాకా తాకకూడదు. తన ఇంట్లోవీ అంతే, వీటి సంగతీ అంతే. తాకితే కుళ్లిపోతాయి. ఒక్క ఏడాది పెంచినవాళ్లకైనా తెలిసే సంగతి ఇది. అని, డైరెక్టరు వైపు తిరిగి అడిగింది: "పోయినసారి ఇక్కడొకామె నిలబడి ఉంది. ఆమె ఏది?"

"తీసేశారండీ" అన్నాను నేను, అందరికీ వినిపించేలా. అప్పటికి నా ఉద్యోగం ఖాయమైపోయింది, అందుకని నోరు లేచింది. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నా కడుపు ఎంత చల్లబడిందో చెప్పలేను. క్షమించడం గొప్ప గుణమంటారు, అది నాకు రాలేదు, రావాలని కోరుకోనూ లేదు. మర్నాటికి ఆ ఫోటో గోడ దిగింది. కింద నేను టైపు చేసిన చీటీ మాత్రం టేపుతో అలాగే ఉండిపోయింది. దాన్ని పీకాలని ఎవరికీ తోచలేదు.

సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. ఇంటికి పోయి, కిటికీ దగ్గర కుండీకి అలవాటుగా చెంబు ఎత్తి ఆగిపోయాను. వేలు దింపాను. రెండో కణుపు దాకా దిగనక్కర్లేకపోయింది. మెత్తగా, గుజ్జుగా తగిలింది. అదే వాసన.

ఆదివారం ఖాజాగూడ పోయాను. దారి అడుగుతూ వెళితే చెరువు దాటాక ఇల్లు దొరికింది. ఇంటి వెనక బండ నీడలో కూర్చుని పెద్దమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. గబగబా దగ్గరికి పోబోయాను.

"జర పక్కకు జరుగుండ్రి మేడం" అంది తలెత్తకుండా. "పువ్వు మీద నిలవడ్డరు."

ఏడాదిన్నర నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి. కాలు తీసి చూసుకున్నాను. చెప్పు కింద తెల్ల రేకులు నలిగి ఉన్నాయి. చుట్టూ బండ అంచు వెంట నేలంతా పూలే.

ఆఫీసులో జరిగింది మొత్తం చెప్పాను. మేనేజరు ముఖం ఎలా మాడిందో, డైరెక్టరు ఎలా చూశాడో ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆమె పిక్కలు పక్కన పెట్టి కొంగు ఎత్తుకుంది. రెండు ముడులూ ఉన్నాయి. ఒకదాన్ని పళ్లతో పట్టి, తొందర లేకుండా విప్పింది.

"అన్ని మొక్కలు చచ్చిపోయాయి పెద్దమ్మా. నీకు బాధ లేదా?"

"ఉంటది. ఉండకుంట ఎట్లుంటది? మా అవ్వ చేతుల దుంపలు."

"మరి నాక్కూడా ఎందుకలా ఇచ్చావు?"

"ఎట్లిచ్చిన?"

"నీళ్లు పోయొద్దని చెప్పకుండా."

"నువ్వు అడగలే. నేను చెప్పలే." రెండో ముడి మీద వేళ్లు పెట్టి అప్పుడు నా ముఖంలోకి చూసింది. మాట్లాడుతూ ఆమె నా ముఖం చూడడం అదే మొదలు. "గా దినం నేను అడిగిన. నువ్వు చెప్పలే."

వేళ్లు ముడి మీదే ఉన్నాయి. విప్పడానికి సిద్ధంగానే ఉన్నాయని ఇప్పుడు నాకు బాగా తెలుస్తోంది. నేను అనాల్సిన మాట ఒక్కటే, చిన్నది. అప్పుడు నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. అంత ప్రేమగా నా చేతే నీళ్లు పోయించి దాన్ని చంపిందని కోపం. ఆ రెంటి మధ్య నా నోట వచ్చింది ఇది:

"పోనీలే పెద్దమ్మా. ఇంకో దుంప ఇస్తావా? ఈసారి చలికాలం నీళ్లు పొయ్యనులే."

ఆమె ముడి మీద నుంచి వేళ్లు తీసేసింది. మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది.

"అడిగినవ్ గాబట్టి చెప్తున్న" అంది. "ఇయ్య."

ఆ తరువాత నేనామెను చూడలేదు. మేనేజరు ఏడాది తిరక్కుండా వేరే కంపెనీకి పోయాడు, అక్కడ బాగానే ఉన్నాడని విన్నాను. అతను బాగుండడం నాకు ఇప్పటికీ నచ్చదు. నా ఉద్యోగం, పెళ్లి, నిజాంపేటలో ఫ్లాటు, అన్నీ వాటి దారిన అవి అయ్యాయి. ఖాజాగూడ వైపు ఎన్నోసార్లు కారులో పోయాను గానీ ఆగలేదు.

అందుకే వాచ్‌మన్‌ను ఆ ప్రశ్న అడిగాను. అతను గేటు మూసి వచ్చి చెప్పాడు.

"ఒకటుండె మేడం. స్నానం పోసేటప్పుడు చూసింది మా అమ్మ. మూడు నెలల సంది మంచంలనే ఉండె, మనుషులను గుర్తువట్టలే, అన్నం తిన్నది యాదికుండకపోతుండె. గాని పొద్దుగాల చీర మార్పించంగనే కొంగు గుంజుకోని ముడి ఏసుకుంటుండె. మా అమ్మ ఇప్పుదమని మస్తు చూసింది, రాలే. ఇగ గట్లనే ఉంచి, మీదికెల్లి కొత్త చీర కప్పినం."